డెనాలీలో 29వ నంబరు దుంగల ఇల్లు: ఎవరి కోసం కట్టారు, ఎవరెవరు ఉన్నారు?

గోదారిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. పోయిన వేసవిలో మా కుటుంబం అలాస్కాలోని డెనాలీ నేషనల్ పార్కుకు వెళ్ళింది. ఆ పార్కులో ఉన్నది ఒకే ఒక్క రోడ్డు, దాని పొడవు 92 మైళ్ళు. మొదటి పదిహేను మైళ్ళు దాటాక సొంత కార్లకు మామూలుగా అనుమతి ఉండదు కాబట్టి పార్కు బస్సు ఎక్కాలి. కొండచరియ కారణంగా ఆ బస్సులు ఇప్పుడు 43వ మైలు దగ్గర, టోక్లాట్ నది తూర్పు పాయ మీద ఉన్న వంతెన సమీపం నుంచే వెనక్కి తిరుగుతున్నాయి. అక్కడ దిగి నాలుగడుగులు వేసేసరికి రోడ్డుకు దిగువన ఒక చిన్న దుంగల ఇల్లు కనిపించింది. ఒకే గది, ముందుకు చొచ్చుకొచ్చిన కప్పు, దాని కింద చిన్న అరుగులాంటి చోటు, కిటికీలకు బిగించిన చెక్కలు, ఆ చెక్కల నిండా ఏవో మచ్చలు. చుట్టూ కనుచూపు మేరలో మరో కట్టడం లేదు.

డ్రైవరు దానిని "మ్యూరీ క్యాబిన్" అన్నాడు. పార్కు వారి కాగితంలో "ఈస్ట్ ఫోర్క్ పెట్రోల్ క్యాబిన్" అని ఉంది. చారిత్రక స్థలాల జాతీయ పట్టికలో "అప్పర్ ఈస్ట్ ఫోర్క్ క్యాబిన్, నంబరు 29" అని రాశారు. ఇంత చిన్న ఇంటికి ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? అసలు దీనిని రేంజర్ల కోసమే కట్టారా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా మనవి.

పాత రేంజరు:
నేను అటవీశాఖలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. డెనాలీ చూడలేదు గానీ దాని గస్తీ చరిత్ర చాలా కాలంగా చదువుతున్నాను. ఆ ఇంటి అవసరం తెలియాలంటే ముందు పార్కు ఎందుకు పుట్టిందో తెలియాలి.

చార్లెస్ షెల్డన్ అనే వేటగాడు, ప్రకృతి పరిశీలకుడు 1906లో అక్కడి తెల్లని డాల్ గొర్రెలను చూడడానికి వెళ్ళాడు. 1907లో మళ్ళీ వెళ్ళి టోక్లాట్ ఒడ్డున దుంగల ఇల్లు వేసుకుని చలికాలమంతా అక్కడే గడిపాడు. అతనికి దారి చూపినవాడు హ్యారీ కార్స్టెన్స్. గనుల శిబిరాలకు మాంసం అమ్ముకునే వేటగాళ్ళు గొర్రెలను మందలు మందలుగా కాల్చివేయడం షెల్డన్ కళ్ళారా చూశాడు. రైలు మార్గం వచ్చిన తరువాత మిగిలినవి కూడా ఉండవని భయపడి పార్కు కోసం తొమ్మిదేళ్ళ పాటు పట్టు విడవకుండా తిరిగాడు. 1917 ఫిబ్రవరి 26న అధ్యక్షుడు విల్సన్ సంతకంతో మౌంట్ మెకిన్లీ నేషనల్ పార్కు ఏర్పడింది. పార్కుకు డెనాలీ అనే పేరు 1980లో వచ్చింది.

చట్టం వచ్చింది గానీ కాపలా రాలేదు. నాలుగేళ్ళ పాటు అక్కడ ఒక్క ఉద్యోగి కూడా లేడు. 1921లో మొదటి సూపరింటెండెంటుగా నియమితుడైనవాడు షెల్డన్‌కు దారి చూపిన ఆ కార్స్టెన్సే. పార్కుకు పేరిచ్చిన మహాపర్వతాన్ని 1913లో మొదటిసారి ఎక్కిన నలుగురిలో కూడా అతను ఒకడు. అతని చేతిలో ఉన్న చట్టంలో ఒక పెద్ద కన్నం ఉండేది. బంగారం వెదికేవారు, గని పనివారు తమ తిండికి కావలసినంత వేటాడుకోవచ్చని ఆ చట్టమే చెప్పింది. మంచులో చచ్చి పడి ఉన్న గొర్రెను చూసి, అది తిండికి పోయిందో అమ్మకానికి పోయిందో తేల్చడం ఏ కాపలాదారుకైనా సాధ్యమయ్యే పని కాదు. ఆ మినహాయింపును 1928లో తీసివేసిన తరువాతనే గస్తీకి కోరలు వచ్చాయి.

కోరలు వచ్చినా కాళ్ళు కావాలి కదా. చలికాలంలో సున్నాకు నలభై డిగ్రీల దిగువకు పడిపోయే చలిలో రేంజరుకు వాహనమంటే కుక్కల జట్టు లాగే స్లెడ్జి (మంచు మీద జారే బండి) ఒక్కటే. కుక్కలు ఒక రోజులో వెళ్ళగలిగినంత దూరానికి ఒక ఇల్లు ఉండకపోతే గస్తీ సాగదు. ఆ లెక్క ప్రకారం ఏర్పడిన ఇళ్ళ వరుసలో ఈస్ట్ ఫోర్క్ ఒకటి. 22వ మైలు ప్రాంతంలో శాంక్చువరీ నది ఇల్లు, 34వ మైలు దగ్గర ఇగ్లూ వాగు ఇల్లు, సేబుల్ కనుమ దాటాక 43లో ఇది, 53 దగ్గర టోక్లాట్ ఇల్లు. పటం మీద చూడండి, దారి పొడవునా పాతిన మైలురాళ్ళలా కనిపిస్తాయి.

రాళ్ళూ రప్పలూ:
పాత రేంజరు గారు చెప్పిన గస్తీ కథ నిజమే అయినా, ఈ ఒక్క ఇంటి విషయంలో ఒక చిన్న సవరణ అవసరం. నేను రోడ్ల ఇంజనీరును కాబట్టి పక్షపాతం ఉంటే మన్నించండి. దీనిని కట్టినవారు రేంజర్లు కాదు, జాతీయ పార్కులను నడిపే ప్రభుత్వ సంస్థ పార్కు సర్వీసు కూడా కాదు. కట్టినది అలాస్కా రోడ్ కమిషన్.

1923లో అలాస్కా రైలు మార్గం పూర్తయింది. అధ్యక్షుడు హార్డింగ్ జులైలో నెనానాకు వచ్చి బంగారు మేకు కొట్టి ప్రారంభించాడు. అదే ఏడాది పార్కు లోపలి రోడ్డు పని మొదలైంది. డబ్బు పార్కు సర్వీసుది, పని రోడ్ కమిషన్‌ది. ఏడాదిలో మంచు లేని కొద్ది నెలలు మాత్రమే పని చేయగలిగే ఆ చోట 92 మైళ్ళ రోడ్డు పడమటి చివరన ఉన్న గనుల ప్రాంతం కాంటిష్నా చేరేసరికి 1938 వచ్చింది. పని ముందుకు జరిగే కొద్దీ శిబిరమూ జరిగేది. కూలీలు ఎక్కువగా గుడారాలలో ఉండేవారు, అక్కడక్కడ మాత్రం దుంగలతో గట్టి ఇల్లు ఒకటి వేసేవారు. 1929లో రోడ్డు తూర్పు పాయ దగ్గరకు వచ్చిన కాలంలో వేసిన ఇల్లే ఇది. రోడ్డు పని పడమటికి పోగా ఇల్లు రేంజర్లకు మిగిలింది. శాంక్చువరీ, ఇగ్లూ ఇళ్ళ కథ కూడా ఇదే. గస్తీ కోసమే ప్రత్యేకంగా కట్టినవి వేరే ఉన్నాయి, అవి రోడ్డుకు దూరంగా పార్కు ఉత్తరపు సరిహద్దు వైపు, సుషానా నది, దిగువ టోక్లాట్, ఈవ్ క్రీక్ వంటి చోట్ల, ఎక్కువగా 1930లలో వచ్చాయి. అందుచేత గోదారిగట్టు గారి ప్రశ్నకు నా జవాబు: పుట్టుకతో ఇది కూలీల ఇల్లు, పెంపకంతో రేంజర్ల ఇల్లు.

కట్టుబడి గురించి రెండు మాటలు. స్ప్రూస్ చెట్ల దుంగలను మూలల దగ్గర గాడి తీసి ఒకదాని మీద ఒకటి కూర్చారు. ఆ నదీ తలంలో పెద్ద చెట్లు దాదాపు లేవు, కాబట్టి కలపను దూరం నుంచి మోసుకొచ్చి ఉండాలి. పట్టికలో దీని శైలిని "నేషనల్ పార్క్ సర్వీస్ రస్టిక్", అంటే మొరటు పల్లె శైలి, అని రాశారు. ఆ మాట వినగానే చాలామందికి ఎల్లోస్టోన్ పార్కులో 1904లో తెరిచిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ హోటల్ వంటి భారీ కట్టడాలు గుర్తుకొస్తాయి. అక్కడి మొరటుదనం కావాలని తెచ్చిపెట్టుకున్నది. యాత్రికుడు చూసి మురిసిపోవాలని ఏరికోరి వంకర కొమ్మలు బిగించారు. ఇక్కడ మురిసేవారెవరూ లేరు. చేతికి దొరికిన కలపతో, చలి చొరబడకుండా, తక్కువ రోజులలో ముగించాలన్న తొందరే దీని శైలి. రెండింటికీ ఒకే ముద్ర వేయడం నాకు ఎప్పుడూ నచ్చదు.

కలువకొలను:
చిన్న సందేహం. మన దగ్గర రేంజరంటే ఒక రేంజి మొత్తానికి అధికారి కదా, ఆయన కింద సెక్షను, బీటు ఉద్యోగులు ఉంటారు. అక్కడ రేంజరే స్వయంగా కుక్కలు తోలుకుంటూ గస్తీ తిరిగాడా?

పాత రేంజరు:
మంచి ప్రశ్న అడిగారమ్మా. పేరు ఒకటే గానీ ఉద్యోగం వేరు. అమెరికా పార్కు రేంజరును మన బీటు ఉద్యోగిగా, పోలీసుగా, యాత్రికులకు దారి చూపేవాడిగా కలిపి ఊహించుకోండి. కార్స్టెన్స్ కాలంలో వంట, కట్టెలు కొట్టడం, కుక్కలకు తిండి వండడం కూడా అతని పనే. 1922లో కార్స్టెన్స్ మొదటి కుక్కలను కొన్నాడు, అప్పటి కుక్కల సాల ఇప్పటికీ నడుస్తోంది. 1926లో చేరిన గ్రాంట్ పియర్సన్ అనే రేంజరు తరువాత అక్కడే సూపరింటెండెంటు అయ్యాడు. టోక్లాట్ దగ్గరి మరో దుంగల ఇంటికి అతని పేరే ఉంది.

రాళ్ళూ రప్పలూ గారి సవరణను ఒప్పుకుంటున్నాను. "పుట్టుక, పెంపకం" అన్న మాట బాగుంది.

జంతుశాస్త్రం మాష్టారు:
చర్చ ఇంత దూరం వచ్చినా మ్యూరీ పేరు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. నా మటుకు నాకు ఆ ఇల్లు ముప్పై ఏళ్ళుగా తెలుసు, అదీ ఒక పట్టిక ద్వారా. డిగ్రీలో, పీజీలో జీవావరణ శాస్త్రం చదివిన వారికి "డాల్ గొర్రెల లైఫ్ టేబుల్" గుర్తుండే ఉంటుంది. ఏ వయసులో ఎన్ని చనిపోతాయి, ఎన్ని మిగులుతాయి అన్న లెక్కకు పాఠ్యపుస్తకాలలో అదే ఉదాహరణ. 1947లో ఎడ్వర్డ్ డీవీ అనే జీవావరణ శాస్త్రవేత్త వేసిన ఆ పట్టికకు ఆధారం 608 గొర్రెల పుర్రెలు. ఆ పుర్రెలను కొండల మీద ఒక్కొక్కటిగా ఏరినవాడు జీవశాస్త్రవేత్త అడాల్ఫ్ మ్యూరీ, ఆ పని కాలంలో అతని మకాం ఈస్ట్ ఫోర్క్ దుంగల ఇల్లు. పరీక్షలో పట్టిక గీసిన మా విద్యార్థులకు ఆ అంకెల వెనుక ఒక కట్టెల పొయ్యి, ఒక అరుగు ఉన్నాయని నేను ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

నేపథ్యం ఇది. 1929లోనూ, 1932లోనూ వచ్చిన కఠినమైన చలికాలాలలో గొర్రెలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. నేరం తోడేళ్ళ మీద పడింది. వేటగాళ్ళ సంఘాలు, అలాస్కా పత్రికలు తోడేళ్ళను పార్కులోనే మట్టుబెట్టాలని ఒత్తిడి తెచ్చాయి. చంపే ముందు నిజం తెలుసుకుందామని పార్కు సర్వీసు 1939లో మ్యూరీని పంపింది. అతను 1922లోనే అన్న ఓలస్ మ్యూరీకి సాయంగా క్యారిబూ జింకల పని మీద అక్కడికి వచ్చినవాడు, కాబట్టి నేల కొత్త కాదు. 1939 ఒక్క ఏడాదిలో సుమారు 1,700 మైళ్ళు నడిచాడు. మళ్ళీ 1940 వసంతంలో వచ్చి 1941 వేసవి దాకా ఉన్నాడు.

గొర్రె కొమ్ము మీద ఏడాదికొక గీత పడుతుంది. చెట్టు మొద్దు మీది వలయాలలాగా ఆ గీతలు లెక్కపెడితే చచ్చేనాటికి దాని వయసు తెలుస్తుంది. అతను మొత్తం 829 పుర్రెలు పరిశీలించాడు. చనిపోయినవి చాలావరకు బాగా ముసలివి, లేదా ఏడాది నిండనివి, కాకపోతే రోగంతో దవడలు పాడైనవి. నిండు యవ్వనంలో ఉన్నవి చాలా తక్కువ. అంటే తోడేలు మంద బలాన్ని తినడం లేదు, మంద మోయలేనిదాన్ని తింటోంది. మంద కూలిపోవడానికి ముఖ్య కారణం మంచు. ఇంటికి అంత దూరంలో లేని ఒక తోడేళ్ళ గుహను ఎదుటి గట్టు మీద కూర్చుని రాత్రిళ్ళతో సహా గమనించి, తోడేళ్ళు కుటుంబంగా ఎలా బతుకుతాయో, తల్లి వేటకు పోతే పిల్లల దగ్గర మరో తోడేలు ఎలా కాపలా ఉంటుందో రాశాడు. ఆ నివేదిక 1944లో పార్కు సర్వీసు జంతు గ్రంథమాలలో అయిదవ సంపుటంగా వెలువడింది. పక్షపాతం లేని శాస్త్ర గద్యం అంటే ఏమిటో దానిని చదివి నేర్చుకోవచ్చు.

గోదారిగట్టు:
మాష్టారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. అయితే ఆ చిన్న ఇంట్లో రాసిన రాతలతోనే అక్కడి తోడేళ్ళు బతికిపోయాయన్నమాట!

పాత కాగితాలు:
అలా అనుకోవాలని అందరికీ ఉంటుంది గానీ, కథ అంత సూటిగా నడవలేదు. నివేదిక వెలువడిన మరుసటి ఏడాది, 1945లో, గొర్రెల సంఖ్య ఇంకా తక్కువగానే ఉంది. తోడేళ్ళను తప్పనిసరిగా చంపాలని అమెరికా చట్టసభ కాంగ్రెసులో బిల్లు కూడా వచ్చింది. ఆ ఒత్తిడిలో పది పదిహేను తోడేళ్ళను తొలగించవచ్చని స్వయంగా మ్యూరీయే సిఫారసు చేశాడు. పార్కులో తోడేళ్ళను చంపడం పూర్తిగా ఆగిపోయింది 1952లో. మ్యూరీ గొప్పతనాన్ని తగ్గించడానికి ఇది రాయడం లేదు. చట్టమే వచ్చి పడితే పార్కు చేతిలో ఏమీ మిగలదని భావించి కొద్ది నష్టానికి ఒప్పుకున్నాడని కొందరు అంటారు, నాకు కూడా అదే నమ్మదగినదిగా కనిపిస్తుంది. అయినా ఆ ఇంటి ముందు నిలబడి పొగిడేటప్పుడు ఈ పేజీని చింపివేయకూడదు.

మరొక మాట. అతను ఆ తరువాత చేసిన ఒక పోరాటం గురించి తక్కువ మంది మాట్లాడతారు. 1950ల చివర, 60లలో పార్కు రోడ్డును వెడల్పు చేసి తారు వేయాలన్న పథకాన్ని అతను లోపలి ఉద్యోగిగా ఉంటూనే వ్యతిరేకించాడు. వెడల్పు పని మధ్యలో ఆగింది. గోదారిగట్టు గారూ, మొదటి పదిహేను మైళ్ళ తరువాత మీ బస్సు కంకర రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ పోయిందంటే అందులో ఆయన వాటా కూడా ఉంది.

వనజాక్షి:
మ్యూరీ ఒక్కడే ఆ ఇంట్లో ఉన్నట్టు అందరూ రాస్తున్నారు. భార్య లూయీస్, చంటిపిల్ల గెయిల్ కూడా 1940లో అక్కడే ఉన్నారు. ఒకే గది, కట్టెల పొయ్యి, నది నుంచి తెచ్చుకునే నీళ్ళు. దానికి తోడు మే నెలలో మ్యూరీ ఆ గుహలోకి పాకి వెళ్ళి ఇంకా కళ్ళు తెరవని తోడేలు కూనను ఒకదాన్ని తీసుకొచ్చాడు, దగ్గర నుంచి దాని ఎదుగుదల గమనించడానికి. దానికి వ్యాగ్స్ అని పేరు పెట్టుకుని పాలు పట్టి పెంచారు, అది గెయిల్‌తో ఆడుకునేది. పుస్తకంలో అది "పరిశీలన". ఇంట్లో ఇద్దరు పసివాళ్ళ చాకిరీ. ఆ చాకిరీ ఎవరిదో ఊహించుకోండి.

ఇంకో ముచ్చట. ఓలస్ భార్య మార్గరెట్, అడాల్ఫ్ భార్య లూయీస్ ఒకే తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. అంటే అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు. మన వైపు ఇళ్ళలో తోడికోడళ్ళు అక్కచెల్లెళ్ళయితే ఎంత ధైర్యమో తెలుసు కదా. ఆ అడవి జీవితానికి వాళ్ళిద్దరూ నిలబడడంలో ఆ బంధుత్వం పాత్ర కూడా ఉండే ఉంటుందని నా అనుమానం.

ఏటిమొగ:
ఇంతవరకు చర్చలో షెల్డన్‌తోనే చరిత్ర మొదలైనట్టు ఉంది. డెనాలీ అన్న పేరే కొయుకోన్ భాషది, "ఎత్తయినది" అని అర్థం. కొయుకోన్, దెనైనా, ఆత్నా వంటి అథబాస్కన్ జాతుల వారు వేల ఏళ్ళుగా ఆ లోయలలో క్యారిబూను, గొర్రెలను వేటాడుకుని బతికారు. 1913లో శిఖరం మీద మొదట కాలు పెట్టిన వాల్టర్ హార్పర్ తల్లి అథబాస్కన్ స్త్రీ. చుట్టూ మరో కట్టడం లేదు కాబట్టి అది నిర్మానుష్యమైన చోటు అనుకోవడం సరికాదని మాత్రమే నా మనవి.

గోదారిగట్టు:
నిజమే, "చుట్టూ కట్టడం లేదు" అన్నది నా మాటే. సవరించుకుంటున్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా? అద్దెకు ఇస్తారా?

రాళ్ళూ రప్పలూ:
అద్దెకు ఇవ్వరు. చలికాలంలో కుక్కల జట్లతో గస్తీ తిరిగే రేంజర్లు ఇప్పటికీ ఇలాంటి ఇళ్ళలోనే రాత్రి మకాం చేస్తారు. పార్కు పేరు మార్చిన 1980 చట్టమే పాత పార్కును చాలావరకు నిర్జనారణ్యంగా, అంటే మోటారు వాహనాలు మామూలుగా వాడకూడని చోటుగా, ప్రకటించింది, కాబట్టి కుక్కల స్లెడ్జి అక్కడ వేడుక కాదు, పని సాధనం. వేసవిలో చాలా ఏళ్ళు పార్కు ఆహ్వానించిన చిత్రకారులు, రచయితలు ఈస్ట్ ఫోర్క్ ఇంట్లో పదేసి రోజులు ఉండేవారు.

ఇక కొండచరియ. అది 45వ మైలు దాటాక, ప్రెటీ రాక్స్ అనే చోట ఉంది. అడుగున శాశ్వతంగా గడ్డకట్టి ఉండవలసిన నేల కరుగుతోంది. ఒకప్పుడు ఏడాదికి కొన్ని అంగుళాలు జారే రోడ్డు 2021 నాటికి గంటకు అర అంగుళానికి పైగా జారింది. ఆ ఆగస్టులో రోడ్డు మూసి, తరువాత ఆ చరియను దాటించే వంతెన పని చేపట్టారు. రోడ్డు కూలీల కోసం పుట్టిన ఇంటి ముందు నుంచే, దాదాపు వందేళ్ళకు, మళ్ళీ రోడ్డు పనివారి లారీలు పోతున్నాయి.

పాత రేంజరు:
నివాసం గురించి అడిగారు కాబట్టి ఒక ఆచారం చెప్పి ముగిస్తాను. ఆ ఇళ్ళలో దిగినవారు వెళ్ళేముందు పొయ్యి పక్కన చిదుగులు, చీల్చిన కట్టెలు పేర్చి పోవాలి. తరువాత వచ్చేవాడు చేతులు కొంకర్లు పోయిన స్థితిలో తలుపు తీయవచ్చు, అప్పుడు గొడ్డలి పట్టడం అతని వల్ల కాదు. నల్లమలలో మా బేస్ క్యాంపులలో చెంచు కాపలాదారులు కూడా తాగునీటి బిందె ఖాళీగా వదలిపోయేవారు కారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు.

ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం పెద్ద సమస్య గ్రిజ్లీ ఎలుగులే. పిండి వాసన తగిలితే తలుపు చీల్చుకుని లోపలికి దూరతాయి. అందుకని తలుపుకు, కిటికీలకు బిగించే చెక్కలకు లోపలి వైపు నుంచి మేకులు దిగగొట్టి మొనలు బయటికి పొడుచుకొచ్చేలా వదిలేస్తారు.

గోదారిగట్టు:
ఇప్పుడే నా ఫోటోను పెద్దది చేసి చూశాను. కిటికీ చెక్కల మీద వరుసగా కనిపించినవి మచ్చలు కావు, మేకుల మొనలే. ఎడమవైపు కింది మూలలో రెండు మేకులు వంగి ఉన్నాయి.